శషసలు జారిపోయిన పాట

మా మేనత్త గొంతును భద్రపరచాలని ఒకప్పుడు నేను చేసిన ప్రయత్నం సగమే ఫలించింది. మిగిలిన సగం ఎక్కడ జారిపోయిందో వెతుక్కుంటూ పోతే నూరేళ్ళ ధ్వనిముద్రణ చరిత్ర ఎదురైంది. మిత్రులకు ఉపయోగపడుతుందని ఆ కథ ఇక్కడ చెప్పుకొంటున్నాను.

మేనత్త కాపురమంతా తిరువూరులోనే గడిచింది. ఖమ్మం జిల్లా పొలిమేరను ఆనుకొని ఉన్న ఊరు మాది. అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లా. ఆమెకు బడి చదువు లేదు. కాని ‘ఊర్మిళాదేవి నిద్ర’ మొదలుగా రామాయణపు స్త్రీల పాటలెన్నో కంఠస్థం. ఈ పాటల్లోని రామకథ ఆడవారి దృష్టితో నడిచే వేరొక రామకథ అని వెల్చేరు నారాయణరావుగారు 1991లో వెలువడిన ఒక ఆంగ్ల సంకలనంలో సవిస్తరంగా నిరూపించారు. పాటలలో కొన్ని అచ్చులో దొరుకుతాయి. అచ్చులో దొరకనిది ఆమె ఉచ్చారణ.

2006 వేసవిలో బంధువుల అబ్బాయి విదేశం నుండి వస్తూ జేబులో ఇమిడే పాటల పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చాడు. దానితో మాటనూ ముద్రించుకోవచ్చునన్నాడు. మేనత్త దానిని అటూ ఇటూ తిప్పి చూసి, “ఏరా అబ్బాయ్, ఈ అగ్గిపెట్టెలో నా పాట పడుతుందా?” అని అడిగింది. “పడుతుంది అత్తయ్యా, నువ్వు పాడు” అన్నాను.

పడింది. పాటకంటే ముందు సీలింగు ఫ్యాను చప్పుడు పడింది. పెట్టెతోపాటు వచ్చిన చిన్న మైకు నాలుగు దిక్కుల శబ్దాన్నీ సమానంగా స్వీకరించేది. బల్లమీద రెండు మూరల దూరాన పెట్టిన తప్పు నాది. ధ్వని పుట్టినచోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే మైకును చేరే శబ్దం ఆరు డెసిబెళ్ళు తగ్గుతుంది. ఫ్యాను చప్పుడు మాత్రం గదినిండా ఒకేలా ఉంటుంది.

రెండవసారి శ్రీరామనవమి పందిళ్ళకు మైకుసెట్టు పెట్టేవారి దగ్గర చేతిమైకు ఒకటి అడిగి తెచ్చాను. ఇది డైనమిక్ మైకు. అయస్కాంతపు క్షేత్రంలో తీగచుట్ట కదలడంవల్ల విద్యుత్తు పుడుతుంది. వేరే కరెంటు అక్కరలేదు, కాని పుట్టేది మిల్లీవోల్టులలోనే. పందిట్లో దాని వెనుక పెద్ద ఆంప్లిఫయరు ఉంటుంది. నా అగ్గిపెట్టెకు అంత బలమెక్కడిది? గొంతు నూతిలోనుండి వచ్చినట్లు వినిపించింది.

మూడవసారి విజయవాడ వెళ్ళి కాలరుకు తగిలించుకొనే మైకు కొన్నాను. ఇది ఎలెక్ట్రెట్ జాతిది. 1962లో బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని రూపొందించారు. విద్యుదావేశాన్ని శాశ్వతంగా నిలుపుకొన్న పలుచని పొర ఇందులో ఉంటుంది. లోపలి బుల్లి ట్రాన్సిస్టరుకు కొద్దిపాటి వోల్టేజి చాలు. మైకు కొరకే ఉద్దేశించిన రంధ్రమైతే పెట్టె దానిని అందిస్తుంది. మేనత్త చీరచెంగు రాపిడి తగలకుండా, నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా అమర్చాను. ఎదురుగా పెడితే ఖ, ఘ, ఫ, భ వంటి మహాప్రాణాల ఊపిరి పొరమీద తాకి ఢక్కుమంటుంది. ఫ్యాను ఆపించాను. ఆ మధ్యాహ్నం ఆమె గంటన్నర పాడింది. చెమటలు కారుతున్నా ఆపలేదు.

మరుసటి సంవత్సరం ఆమె పోయింది. కొన్నాళ్ళకు పాటలు వ్రాసుకుందామని కూర్చుని వింటే, గొంతు స్పష్టంగా ఉన్నది, శషసలు మాత్రం లేవు. మూడూ దూది చుట్టినట్లు ఒకే ఊపిరిగా వినిపించాయి.

కారణం మైకు కాదు. స్థలం కలిసివస్తుందని పెట్టెలో తక్కువ నాణ్యతను ఎంచుకున్నది నేనే. ఆ అమరికలో అది ధ్వనినుండి సెకనుకు 8,000 నమూనాలు మాత్రమే తీసుకొంటుంది. తీసుకొన్న నమూనాలలో సగం సంఖ్యకు మించిన కంపనాలు నిలువవు. అంటే 4,000 హెర్ట్జ్‌ల పైనున్నదంతా పోయినట్లే. సకారపు సవ్వడిలో అధికభాగం ఆ పైనే ఉంటుంది. పదహారు బిట్ల లెక్కన అలా ముద్రిస్తే గంటకు సుమారు 58 మెగాబైట్లు. సీడీ స్థాయిలో 44,100 నమూనాలతో, ఒకే ఛానెలులో, సుమారు 318. ఆ తేడాకు ఆశపడ్డాను.

ఇది కొత్త నష్టం కాదని తరువాత తెలిసింది. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానాన్ని ముద్రించినప్పుడు మైకు లేదు, గరాటు ఉండేది. గాయకుని ఊపిరిబలమే గరాటులోనుండి సూదిని కదిపి మైనపు పళ్ళెంమీద గీత గీయాలి. ఆ గరాటు సుమారు 2,500 హెర్ట్జ్‌లకు పైన దాదాపు చెవిటిది. హెచ్చు శ్రుతిలో నిండుగా పాడేవారికి అది అనుకూలం. జోలపాట పాడే ఇల్లాలిని అది వినలేదు. మూడు నిమిషాలకే పళ్ళెం నిండిపోయేది కనుక దీర్ఘమైన కథాగేయాలకూ అందులో చోటు లేదు.

1913–1929 మధ్య భారతీయ భాషా సర్వేక్షణ కోసం మన దేశపు భాషలను, మాండలికాలను గ్రామఫోను పళ్ళేలపై ముద్రించారు. ఏ నోట ఏ మాట ఎలా పలుకుతున్నదో దాచడమే అక్కడి ఉద్దేశం. విద్యుత్ ముద్రణ 1925లోగాని రాలేదు. అంతకు పూర్వం ముద్రించినవారందరూ గరాటు ముందు పలికినవారే. భాషను దాచబోయి భాషలోని సూక్ష్మభేదాలను పోగొట్టుకున్నవారిలో నేను మొదటివాడను కానన్నమాట.

గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరభాష నేర్చి 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. వారికి ప్రధాన సాధనం శిక్షితమైన చెవి. మైకు సామాన్యునికి చేరువైనది రేడియోతో: మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. టేపు వచ్చాక మూడు నిమిషాల సంకెల తెగింది. ఆలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరకథను జీన్ రాగేర్ టేపుపై ముద్రించి, దాని ఆధారంగా 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా గ్రంథం వెలయించారు. గరాటుకు లొంగని కథ టేపుకు లొంగింది.

నా దుఃఖం ఒక్క అక్షరం గురించి. తెలుగులో చకారాలు రెండు. చిలుక, చెలి అన్నప్పుడు తాలవ్యం. ౘలి, ౘుక్క, ౘోటు అన్నప్పుడు దంత్యం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఈ భేదం చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు తరగతిలో నేనూ చెప్పాను. అచ్చులో మాత్రం రెంటికీ సాధారణంగా ఒకే గుర్తు. పొలిమేర ఊరి మనిషి ‘ౘూడు’ అన్నదా, ‘సూడు’ అన్నదా అన్నది ఆ ప్రాంతపు భాషాచరిత్రకు సాక్ష్యం. మేనత్త దంత్యచకారమే పలికేదని నా జ్ఞాపకం. నా దగ్గరున్న ముద్రణ మాత్రం ఆ సంగతి చెప్పదు. ౘ, ౙలకు యూనికోడులో స్థానం 2008లో, 5.1 కూర్పులో దొరికింది. అప్పటికి ఆమె లేదు.

అందుచేత ఇంట్లో పెద్దవాళ్ళ గొంతు దాచుకోదలచినవారికి నా మనవి ఇది. ఇప్పుడు చాలామంది జేబులో ఫోను ఉన్నది కనుక పని సులువు. మైకు వెల చూడడానికి ముందు సాధనం లోపలి అమరిక చూడండి, 44,100కు తగ్గనివ్వకండి. ఎలెక్ట్రెట్ మైకు చాలు, జానెడు దూరం చాలు, ఫ్యాను ఆపితే చాలు. ముందుగా ‘శకలము, సకలము, ౘుక్క, చిక్కు’ అని నాలుగు మాటలు పలికించి, హెడ్‌ఫోనుతో వినండి. నాలుగూ వేరువేరుగా వినిపిస్తే అప్పుడు పాట పాడించండి.

నేను ఆ పరీక్ష చేయలేదు. గంటన్నర పాట నా దగ్గర భద్రంగానే ఉన్నది. ప్రతి శ్రీరామనవమికి వింటాను. శషసలున్నచోట నా జ్ఞాపకంతో పూరించుకుంటాను. నా తరువాత వినేవారికి ఆ జ్ఞాపకం ఉండదు.