చావు ఇంట్లో వీడియో పాఠం

ఇంటి పెద్ద పోయాడు. బంధువులు దిగిపోయే వేళయింది. కూతురూ అల్లుడూ మాత్రం టీవీ ముందు కూర్చుని వీడియో క్యాసెట్ చూస్తున్నారు. చావు ఇంటి మర్యాదలు నేర్పే క్యాసెట్ అది. పరామర్శకు వచ్చినవాళ్లు ఏమంటారు, ఇంటివాళ్లు తల ఎంత వంచాలి, ఏమని బదులివ్వాలి, ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలి... తెర మీద చూపిస్తుంటే వీళ్లు బుద్ధిగా వల్లె వేస్తున్నారు. విశేషమేమిటంటే ఇద్దరూ వృత్తిరీత్యా నటులే. కెమెరా ముందు ఎన్నో పాత్రలు వేసినవాళ్లకు సొంతింట్లో చావు వస్తే ఎలా ఉండాలో తెలియలేదు.

జూజో ఇటామి 1984లో తీసిన జపాన్ సినిమా ‘ఓసోషికి’లోని ఘట్టమిది. అంత్యక్రియల మీద వచ్చిన హాస్య చిత్రాల్లో అగ్రతాంబూలం దీనికివ్వాలి. శవాలు తారుమారు కావడం, పెట్టెలోంచి చనిపోయినవాడు లేవడం వంటి గారడీలు ఇందులో లేవు. ఒక సాధారణ కుటుంబం మూడు రోజుల పాటు ఒక కర్మకాండ నడపడానికి పడిన అవస్థే కథంతా. ఆ అవస్థ ఎందుకొచ్చిందో తెలియాలంటే మూడున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

పదిహేడో శతాబ్దంలో జపానును ఏలిన తోకుగావా ప్రభుత్వానికి క్రైస్తవమంటే భయం. 1637-38లో షిమబారాలో రైతులు తిరగబడ్డారు. వారిలో క్రైస్తవులు చాలామంది. ఆ తిరుగుబాటును అణచాక ప్రతి కుటుంబమూ ఏదో ఒక బౌద్ధ ఆలయంలో పేరు నమోదు చేసుకుని, ‘మేం క్రైస్తవులం కాము’ అని అక్కడి నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలన్న పద్ధతి బిగిసింది. మత పోలీసింగ్ కోసం పుట్టిన ఈ ఏర్పాటు ఆలయాలకు అక్షయపాత్ర అయింది. పుట్టుక, పెళ్లి ఎలా జరిగినా చావు మాత్రం ఆలయం చేతిలోకి వెళ్లింది. పోయినవారికి పూజారి కొత్త బౌద్ధ నామం పెడతాడు. ఆ పేర్లలో హోదాలుంటాయి. హోదాను బట్టి దక్షిణ. ఈ లెక్క ఇప్పటికీ పోలేదు.

మంత్రం పూజారిదైనా, చాకిరీ అంతా ఊరివాళ్లది. పల్లెల్లో ఇరుగుపొరుగు ఇళ్లు కలిసి ఒక జట్టుగా ఉండేవి. ఎవరింట్లో చావు జరిగినా వంట, గొయ్యి తవ్వడం, పెట్టె కొట్టించడం, పక్క ఊళ్లకు కబురు చేరవేయడం ఆ జట్టే చూసుకునేది. చావు కబురు చెప్పడానికి ఒక్కరే వెళ్లకూడదు, ఇద్దరు వెళ్లాలి. పోయినవాళ్ల ఇంటివారికి పని చెప్పేవారు కాదు. ఊరు వెలివేసిన కుటుంబానికి సైతం రెండు సందర్భాల్లో సాయం అందేది. ఒకటి ఇల్లు అంటుకున్నప్పుడు, రెండోది ఇంట్లో పీనుగు లేచినప్పుడు. అందుకే ఎవరూ ఈ తంతును పుస్తకం చూసి నేర్చుకోలేదు. పదేళ్ల వయసు నుంచి పక్కింట్లో చూస్తూ పెరిగితే పాతికేళ్లకు అన్నీ చేతికి వచ్చేసేవి.

తోకుగావాలు పోయి మెయిజీ పాలకులు వచ్చాక ఈ వ్యవహారంలో రాజ్యం వేలు పెట్టింది. దహనం బౌద్ధుల ఆచారమనీ, దేశవాళీ మతమైన షింతోకు తగదనీ 1873లో దాన్ని నిషేధించారు. పట్టణాల్లో పూడ్చడానికి జాగా చాల్లేదు. రెండేళ్లు తిరక్కుండానే, 1875లో నిషేధం ఎత్తేశారు. కాల్చవద్దని ప్రభుత్వం చెప్పిన అదే దేశంలో ఇప్పుడు 99 శాతానికి పైగా శవాలను దహనమే చేస్తున్నారు.

అదే కాలంలో తోక్యో, ఒసాకా వంటి నగరాల్లో అంతిమయాత్ర ఊరేగింపుగా మారింది. పూలు, దీపాలు, అద్దె బోయీలు, పల్లకీ లాంటి శవవాహనం... డబ్బున్నవాళ్లు పోటీపడి ఊరేగించారు. ఆ సరంజామా అద్దెకిచ్చే దుకాణాలే తర్వాతి కాలపు అంత్యక్రియల కంపెనీలకు మూలం. వీధుల్లోకి ట్రాములు, మోటార్లు వచ్చాక ఊరేగింపుకు దారి లేకపోయింది. పల్లకీ పోయి, దాని పైకప్పు కారు మీదికెక్కింది. చెక్కడాలు, బంగారు పూతతో గుడి గోపురంలా మెరిసే జపాన్ శవవాహనం అలా పుట్టింది.

ఊరేగింపు పోతే దాని స్థానంలో ఏం చేయాలి? దీనికి జవాబు ఒక నాస్తికుడి చావు నుంచి రావడం చరిత్రలోని చమత్కారం. రూసో రచనను జపానుకు పరిచయం చేసిన ప్రజాస్వామ్యవాది నకాయె చోమిన్ 1901లో కన్నుమూశాడు. తనకు మతపరమైన తంతు ఏదీ వద్దని ముందే చెప్పాడు. మిత్రులకు ఊరుకోబుద్ధి కాలేదు. తోక్యోలోని అవొయామాలో అందరూ చేరి, ప్రసంగాలు చేసి వీడ్కోలు సభ జరిపారు. మతం వద్దన్నవాడి కోసం కనిపెట్టిన ఈ సభ క్రమంగా ఊరేగింపు జాగాను ఆక్రమించింది. బౌద్ధ మంత్రాలు కూడా అందులోనే చేరిపోయాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన దేశంలో చావు ఖర్చు భరించడం సామాన్యుడికి కష్టమైంది. 1948లో యోకొసుకా పట్టణంలో ఒక పరస్పర సహాయ సంఘం మొదలైంది. నెలనెలా కొద్ది మొత్తం కట్టుకుంటూ పోతే ఇంట్లో పెళ్లికైనా చావుకైనా సంఘమే సరంజామాతో దిగుతుంది. ఈ పద్ధతి దేశమంతా పాకింది. జనం పల్లెలు వదిలి నగరాలకు, అపార్టుమెంట్లకు చేరారు. పక్కింటి చావుకు వంట చేసే జట్టు అక్కడ లేదు. 1976లో ఇంట్లో పోయేవారి సంఖ్యను ఆసుపత్రుల్లో పోయేవారి సంఖ్య దాటేసింది. అంతకు ముందే, 1970లో యయేకో షియోత్సుకి అనే ఆమె పెళ్లిళ్లు, చావులు, శుభాశుభాల మర్యాదల మీద రాసిన పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. ఒకప్పుడు అమ్మమ్మను అడిగితే తెలిసే సంగతులను జనం కొనుక్కుని చదవడం మొదలుపెట్టారు. వీడియో యుగం రాగానే అలాంటి పుస్తకాలకు క్యాసెట్లు తోడయ్యాయి.

సరిగ్గా ఈ మలుపులో ఇటామికి మామగారు పోయారు.

అప్పటికి ఇటామి వయసు యాభై. తండ్రి మన్సాకు ఇటామి 1930లలో సమురాయ్ కథలను వెటకారంగా తీసి పేరు తెచ్చుకున్న దర్శకుడు. కొడుకు నటుడిగా, వ్యాసకర్తగా నలిగినవాడే తప్ప అప్పటి దాకా పూర్తి నిడివి కథాచిత్రానికి దర్శకత్వం వహించలేదు. మామగారి అంత్యక్రియలు నడపాల్సి వచ్చినప్పుడు తాను పడ్డ తికమకలో ఆయనకు సినిమా కనిపించింది. స్క్రిప్టు కొద్ది రోజుల్లోనే రాసేశాడు. యుగవారాలోని తన ఇంట్లోనే చిత్రీకరణ పెట్టుకున్నాడు. కూతురి పాత్ర ఆయన భార్య నొబుకో మియమోతోది. తండ్రి పోయిన దుఃఖం తీరీ తీరకముందే ఆమె అదే దుఃఖాన్ని కెమెరా ముందు నటించింది. అల్లుడు వాబిసుకెగా వేసింది త్సుతోము యమజాకి.

కథ చాలా చిన్నది. అరవై తొమ్మిదేళ్ల మామగారు సుష్టుగా భోంచేసి, గుండెపోటుతో ఆసుపత్రిలో పోతాడు. శవాన్ని కూతురి ఇంటికి తీసుకెళదామంటుంది అత్తగారు. ఇక అక్కణ్నుంచి అల్లుడి తిప్పలు మొదలు. పెట్టె ఏ రకం? పూజారికి ఎంత ఇవ్వాలి? శవం తల ఎటు? బుద్ధుడు కుశీనగరంలో ఉత్తరం వైపు తల పెట్టి పరినిర్వాణం చెందాడని జపానులో శవాన్ని అలాగే పడుకోబెడతారు. బతికున్నవాళ్లు ఉత్తరం తల పెట్టి పడుకోకూడదన్న పట్టింపు తెలుగు ఇళ్లలో లాగే అక్కడా ఉంది. తీరా ఆ గదిలో ఉత్తరం ఎటో తేలక పెద్దమనుషులు చర్చకు దిగుతారు. తమ్ముడు పోయాడన్న బాధ కంటే దిక్కు తప్పుతుందేమోనన్న బెంగే అన్నగారికి ఎక్కువ.

పూజారి దిగే ఘట్టం చూడాలి. మంత్రాలు చదవడానికి ఆయన రోల్స్ రాయిస్ కారులో వస్తాడు. ఆ పాత్ర వేసిన నటుడు చిషు ర్యూ. యసుజిరో ఓజు తీసిన ‘తోక్యో స్టోరీ’లో పిల్లల ఆదరణ కరువైన తండ్రిగా ప్రపంచమంతా ఎరిగిన ముఖం. ఓజు 1961లో తీసిన ‘ది ఎండ్ ఆఫ్ సమ్మర్’లో దహనవాటిక పొగగొట్టాన్ని దూరం నుంచి చూసి, ఎవరో పోయారనుకునే రైతు కూడా ఆయనే. జపాన్ సినిమాలో చావు గురించిన నెమ్మదికి, గాంభీర్యానికి ఆనవాలైన మనిషిని ఇటామి విలాసవంతమైన కారులోంచి దించాడు. మూడు వందల ఏళ్ల దక్షిణల చరిత్ర మీద ఒక్క మాట మాట్లాడకుండా వేసిన చురక అది.

మంత్రాలు సాగుతున్నంతసేపూ అందరూ మోకాళ్ల మీద కూర్చోవాలి. కుర్చీలకు అలవాటు పడిన నగరవాసుల కాళ్లు తిమ్మిరెక్కుతాయి. మధ్యలో ఫోను మోగుతుంది. లేవబోయినవాడికి కాళ్లు స్వాధీనంలో ఉండవు. నవ్వకూడని చోట నవ్వొచ్చే ఆ ఇబ్బంది ప్రేక్షకుడికి కూడా తప్పదు.

వచ్చినవాళ్లు నలుపు తెలుపు దారాలు కట్టిన కవరులో డబ్బు తెచ్చి ఇస్తారు. పెళ్లిలో చదివింపులు రాసుకున్నట్టే వాకిట్లో బల్ల వేసి పేరు, మొత్తం రాసుకుంటారు. తర్వాత అందులో దాదాపు సగం విలువకు తిరుగు కానుక పంపాలి. అంటే దుఃఖానికి పక్కాగా జమాఖర్చుల పుస్తకం ఉందన్నమాట. సినిమాలో ఈదురుగాలి వచ్చి ఆ డబ్బును ఎగరేసుకుపోతుంది. నల్ల బట్టల్లో ఉన్న పెద్దమనుషులు నోట్ల వెంట పరుగెత్తుతారు. ఇది చాలదన్నట్టు అల్లుడి ప్రియురాలు సాయం నెపంతో దిగి, తాగి రభస చేస్తుంది.

దహనవాటిక దగ్గర ఇటామి స్వరం మారుతుంది. కొలిమి వెనక పనిచేసే ఉద్యోగి తన పని గురించి మామూలుగా చెప్పుకుపోతుంటే వింటున్నవాళ్ల నవ్వు ఆగిపోతుంది. జపానులో దహనం తర్వాత ఎముకలను బంధువులు పుల్లలతో ఏరి కుండలో వేస్తారు. కాళ్ల ఎముకలతో మొదలుపెట్టి పుర్రె భాగం పైన ఉండేలా సర్దుతారు. ఒకే ఎముకను ఇద్దరు కలిసి పట్టుకుంటారు. అందుకే ఆ దేశంలో భోజనాల దగ్గర ఒకరి పుల్లల నుంచి మరొకరు పుల్లలతో ముద్ద అందుకోవడం మహా తప్పు. ఇంటికి తిరిగొచ్చాక మైల పోవడానికి ఒంటి మీద ఉప్పు చల్లుకుంటారు.

చివర్లో కృతజ్ఞతలు చెప్పే వంతు వస్తుంది. ఆ ప్రసంగమంటే అల్లుడికి మొదటి నుంచీ గుండె దడ. ఆఖరి నిమిషంలో అత్తగారు తానే మాట్లాడతానంటుంది. ఆసుపత్రిలో భర్త ప్రాణం పోతున్నప్పుడు తనను పక్కన ఉండనివ్వలేదనీ, ఆ ఘడియలో చేయి పట్టుకుని కూర్చోవాలనిపించిందనీ చెబుతుంది. ఏ క్యాసెట్‌లోనూ లేని మాటలవి. సినిమా మొత్తంలో మర్యాదల సూత్రానికి కట్టుబడకుండా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. ఆ పాత్రకు కిన్ సుగాయి జపాన్ అకాడమీ పురస్కారం అందుకుంది.

తెలుగువారు 2023లో చూసిన ‘బలగం’తో పోల్చితే ఇటామి ప్రత్యేకత తెలుస్తుంది. వేణు యెల్దండి సినిమాలోని తెలంగాణ పల్లెకు తంతు కంఠతా వచ్చు. మూడో రోజు ఏం చేయాలో, పిట్టకు ముద్ద ఎలా పెట్టాలో అందరికీ తెలుసు. తెగిపోయింది మనుషుల మధ్య మాట. ఇటామి కుటుంబంలో మాటలు తెగలేదు. తెగింది తంతుకూ మనిషికీ ఉన్న సంబంధం. అందుకే ‘బలగం’లో అందరూ పోట్లాడతారు, ‘ఓసోషికి’లో అందరూ ఒకరినొకరు చూసి అనుకరిస్తారు. చావు ఇల్లు నవ్వులపాలైందని ఇటామిని తప్పుపట్టడం అన్యాయం. ఆయన నవ్వింది చావును చూసి కాదు, అద్దెకు తెచ్చుకున్న సంప్రదాయాన్ని చూసి.

సినిమాకు జనం విరగబడ్డారు. ఆ ఏటి ఉత్తమ జపాన్ చిత్రంగా ‘కినెమా జుంపో’ పత్రిక ఎంపిక చేసింది. జపాన్ అకాడమీ పురస్కారాల్లో ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, నటుడు బహుమతులూ దీనికే దక్కాయి. వచ్చిన లాభం మీద పన్ను కట్టాల్సి రావడంతో ఇటామి దృష్టి పన్నుల శాఖ మీద పడిందనీ, 1987లో ‘ఎ టాక్సింగ్ వుమన్’ అలా పుట్టిందనీ చెబుతారు. మధ్యలో నూడుల్స్ దుకాణం మీద తీసిన ‘తంపోపో’ విదేశాల్లో ఆయనకు పేరు తెచ్చింది. 1992లో యాకుజా నేర ముఠాలను సినిమాలో ఎగతాళి చేసినందుకు ఆ ముఠావాళ్ల చేతిలో కత్తిపోట్లు తిన్నాడు. 1997లో మరణించాడు.

ఇటామి పట్టుకున్న మార్పు ఆయనతో ఆగలేదు. ఇళ్లలో జరిగే తంతు కంపెనీల హాళ్లకు చేరింది. ఇటీవలి దశాబ్దాల్లో నలుగురైదుగురు సొంతవాళ్లతో ముగించే అంత్యక్రియలు, ఏ సభా లేకుండా నేరుగా దహనవాటికకు పంపే పద్ధతి పెరిగాయి. ఉత్తరం ఎటని వాదించుకునే పెదనాన్నలు, రాసుకోవడానికి బల్ల వేసే బంధువులు ఆ తంతుల్లో ఉండరు.

2008లో యోజిరో తకితా ‘ఒకురిబితో’ తీశాడు. ‘డిపార్చర్స్’ పేరుతో మరుసటి ఏడాది విదేశీ చిత్రాల విభాగంలో ఆస్కార్ గెలిచిన సినిమా ఇదే. శవానికి స్నానం చేయించి, బట్టలు మార్చి, పెట్టెలో పెట్టే వృత్తి దాని కథ. అందులో కుర్రాడికి పని నేర్పే చెయ్యి తిరిగిన యజమానిగా వేసింది త్సుతోము యమజాకి. ఇరవై నాలుగేళ్ల కిందట మామగారి శవం ముందు ఏం చేయాలో తోచక క్యాసెట్ వేసుకున్న అల్లుడు ఆయనే. వీలైతే రెండు సినిమాలూ వరసగా చూడండి, ముందు ఇటామిది.