కప్ కేకుల నిల్వ (మేడ్చల్–శామీర్‌పేట ప్రాంతం)

కప్ కేకుల నిల్వ అంటే కాగితపు కప్పుల్లో విడివిడిగా బేక్ చేసిన చిన్న కేకులు ఎండకుండా, గట్టిపడకుండా, బూజు పట్టకుండా చూసుకునే పద్ధతులు. వంట పుస్తకాలు చెప్పే ‘గది ఉష్ణోగ్రత’ సాధారణంగా 20–22 డిగ్రీల సెల్సియస్. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేటల్లో మే నెల పగటి ఉష్ణోగ్రత సగటున 39 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. వానాకాలంలో వేడి తగ్గినా గాలిలో తేమ పెరుగుతుంది. అందువల్ల ఆ పుస్తకాల నిల్వ సూచనలను ఇక్కడ కాలాన్ని బట్టి సవరించుకోవాలి.

నేపథ్యం

కప్ కేక్ పుట్టుకను 1796లో అమెరికాలో అచ్చైన అమీలియా సిమన్స్ వంట పుస్తకానికి ముడిపెట్టడం పరిపాటి. అందులో ఉన్నది చిన్న కప్పుల్లో బేక్ చేయమన్న సూచన మాత్రమే. ఆ పేరుతోనే తయారీ విధానం ఇచ్చినది 1828 నాటి ఎలిజా లెస్లీ పుస్తకం కనుక ఈ రెండో సంవత్సరాన్ని తీసుకోవడమే సబబుగా తోస్తుంది. భారతదేశపు తొలి కేకును కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు చేశారని ప్రతీతి. అది 1883 అని ఎక్కువమంది, 1884 అని కొందరు రాశారు. 1840ల నాటికే కలకత్తాలో డేవిడ్ విల్సన్ బేకరీ, హోటలు నడిచినందున ‘తొలి’ అన్న మాటను భారతీయుడు చేసిన తొలి క్రిస్మస్ కేకు అన్నంతవరకే నమ్మవచ్చు.

మద్యంలో నానిన ఎండు పళ్లు వేసిన ప్లమ్ కేకు వారాల తరబడి నిలుస్తుంది. 1953లో మొజంజాహి మార్కెట్ దగ్గర మొదలైన కరాచీ బేకరీకి పేరు తెచ్చిన ఫ్రూట్ బిస్కెట్లలో తేమ తక్కువ కాబట్టి అవీ నిలుస్తాయి. మెత్తదనమే గుణంగా గల కప్ కేకుకు ఈ రెండు రక్షణలూ లేవు.

పాడయ్యే తీరు

కేకు మూడు విధాలుగా దెబ్బతింటుంది: తేమ పోయి ఎండుతుంది, తేమ ఉండగానే గట్టిపడుతుంది, బూజు లేదా బాక్టీరియా చేరి చెడిపోతుంది. మొదటి రెంటినీ ఒకటిగా లెక్కగట్టడం వాడుకలో ఉన్న పొరపాటు. నీరు బయటికి పోకుండా మూసి ఉంచినా రొట్టె గట్టిపడుతుందనీ, మళ్లీ వేడి చేస్తే మెత్తబడుతుందనీ ఫ్రెంచి శాస్త్రవేత్త బూసింగో 1852లోనే చూపాడు. బేకింగ్‌లో నీరు పీల్చి ఉబ్బిన స్టార్చ్ అణువులు చల్లారాక తిరిగి వరస కట్టి స్ఫటికాలుగా మారడమే ఇందుకు కారణమని తర్వాతి పరిశోధనలు, ముఖ్యంగా 1920లలో కాట్జ్ ఎక్స్‌రే పరీక్షలు, స్థిరపరిచాయి.

చక్కెర, కొవ్వు, గుడ్డు ఈ మార్పును నెమ్మదింపజేస్తాయి. అందుకే రొట్టె కంటే కేకు ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది. బేకరీలు వాడే కేక్ జెల్‌లోని మోనోగ్లిజరైడ్లు కూడా స్టార్చ్‌తో కలిసి ఇదే పని చేస్తాయి. గుడ్డు లేని కప్ కేకులు త్వరగా ఎండుతాయన్నది బేకర్లలో వినిపించే మాట. కండెన్స్‌డ్ మిల్క్ లేదా పెరుగు బాగా పడిన వాటికి ఇది అంతగా వర్తించకపోవచ్చు.

గదిలో నిల్వ

క్రీము లేని కప్ కేకులకు మూత బిగుతుగా ఉన్న స్టీలు లేదా ప్లాస్టిక్ డబ్బా చాలు. పూర్తిగా చల్లారకముందే మూత పెడితే ఆవిరి మూతకు పట్టి నీటి చుక్కలై కేకుల మీద పడుతుంది. పైభాగం జిగురుగా మారుతుంది, కాగితపు కప్పు అంచులు కేకు నుంచి ఊడివస్తాయి, ఆ తడిలోనే బూజు మొదలవుతుంది. ట్రేలోనే వదిలేసినా అడుగున ఇదే జరుగుతుంది కనుక కొద్ది నిమిషాలకే జాలీ మీదికి తీసి ఆరనివ్వాలి.

పుస్తకాలు సాధారణంగా రెండు మూడు రోజుల గడువు ఇస్తాయి. మార్చి నుంచి మే వరకు ఈ ప్రాంతపు పొడి వేడిలో మూత లేని కేకు పూట తిరిగేసరికి పెళుసెక్కుతుంది. జులై నుంచి సెప్టెంబరు వరకు ఎండటం కంటే బూజుదే ప్రమాదం. అప్పుడు ఒకటి రెండు రోజులకు మించి బయట ఉంచకపోవడం మంచిది. డబ్బాలో బ్రెడ్ ముక్క వేస్తే కేకులు మెత్తగా ఉంటాయన్న చిట్కా తేమ విషయంలో కొంత నిజం. స్టార్చ్ గట్టిపడటాన్ని అది ఆపదు, వానాకాలంలో బూజుకు తోడ్పడవచ్చు కూడా.

ఫ్రిజ్, డీప్ ఫ్రీజర్

స్టార్చ్ అత్యంత వేగంగా గట్టిపడేది ఫ్రిజ్ లోపలి చలిలోనే, అంటే 4 డిగ్రీల ప్రాంతంలో. శామీర్‌పేట పక్కన తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో తయారయ్యే టీకాలలో చాలావాటిని కాపాడే 2–8 డిగ్రీల చలి కేకు మెత్తదనానికి మాత్రం పనికిరాదు. బూజును, బాక్టీరియాను నెమ్మదింపజేస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. మెత్తదనం ముఖ్యమైతే డబ్బా, సురక్షితంగా ఉండటం ముఖ్యమైతే ఫ్రిజ్ అన్నది స్థూలమైన నియమం.

మైనస్ 18 డిగ్రీల దగ్గర గట్టిపడటం దాదాపు ఆగిపోతుంది. క్రీము వేయని కేకులను ఒక్కొక్కటిగా ఫిల్మ్‌లో చుట్టి, గాలి తీసిన సంచిలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచవచ్చు. రెండు నెలలని కొన్ని పుస్తకాలు, మూడని మరికొన్ని చెబుతాయి. తరచు కరెంటు పోయే చోట తక్కువ గడువే నమ్మదగినది. బయటికి తీశాక చుట్టు విప్పకుండానే గది వేడికి రానివ్వాలి. ముందే విప్పితే గాలిలోని తేమ కేకు మీదే చేరుతుంది. మైక్రోవేవ్‌లో 10–15 సెకన్లు పెడితే గట్టిపడిన కేకు మెత్తబడుతుంది, చల్లారితే మునుపటి కంటే గట్టిగా అవుతుంది.

క్రీము వేసినవి

నిల్వను నిర్ణయించేది చాలాసార్లు కేకు కాదు, దాని మీది క్రీమే. వెన్న 32–35 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేసవి మధ్యాహ్నం బటర్ క్రీము పువ్వులు జారిపోవడానికి కారణం అదే. వెజిటబుల్ కొవ్వుతో చేసిన విప్పింగ్ క్రీము కొంత మెరుగైనా చల్లటి చోటే కోరుతుంది. పాల క్రీము, క్రీమ్ చీజ్, కస్టర్డ్, తాజా పళ్లు ఉన్నవాటిని 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ చలిలో ఉంచాలి. ఇలాంటి పదార్థాలు బయట రెండు గంటలకు మించి ఉండరాదనీ, 32 డిగ్రీలు దాటితే ఒక గంటేననీ అమెరికా వ్యవసాయ శాఖ సూచన. మేడ్చల్ వేసవిలో వర్తించేది ఈ గంట గడువే.

ఫ్రిజ్ నుంచి తీసిన క్రీము కేకు మీద వానాకాలంలో సన్నని నీటి బిందువులు పడతాయి, రంగు చక్కెర గుళికలు కరిగి చారలు కడతాయి. మూసిన అట్టపెట్టెలోనే కాసేపు ఉంచి తెరిస్తే ఇది తగ్గుతుంది.

రవాణా

44వ నంబరు జాతీయ రహదారి మీదుగా మేడ్చల్‌కు, రాజీవ్ రహదారి మీదుగా శామీర్‌పేటకు నగరం నుంచి బండి మీద కేకులు తేవడానికి గంట దాకా పట్టవచ్చు. గుంతలున్న పెట్టెలో కప్పులు కదలకుండా బిగించి, చల్లబరిచిన జెల్ ప్యాకులను పక్కన పెట్టడం వాడుకలో ఉన్న ఉపాయం. క్రీమును విడిగా చల్లగా తెచ్చి చేరాక వేయడం ఇంకా నయం.

నిబంధనలు

ప్యాక్ చేసిన కేకుల మీద తయారీ తేదీ, వాడవలసిన గడువు ముద్రించడం 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం తప్పనిసరి. విడిగా అమ్మే మిఠాయిల గడువును దుకాణంలో ప్రదర్శించాలన్న నియమాన్ని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 అక్టోబరు 1 నుంచి అమలు చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. ఆ ఉత్తర్వు కేకు క్రీములను ఉద్దేశించినది కాదు. అయినా పచ్చి తెల్లసొనతో గిలక్కొట్టే క్రీములకూ అదే జాగ్రత్త అవసరం. తెల్లసొనను 71 డిగ్రీల దాకా వేడి చేసి వాడే పద్ధతే మేలు.