డిక్రీ కాగితం, సంత తూనిక: ఏజెన్సీలో వ్యాపారం ఎవరిని పెంచింది?

గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఎకనామిక్స్‌లో ఒక మాట బట్టీ పట్టే ఉంటారు. ఒప్పందాలు అమలు చేసే కోర్టులు, ఆస్తిని కాపాడే చట్టాలు ఉంటే వ్యాపారం పెరుగుతుంది, జనం బాగుపడతారు అని. తప్పని అనను. కానీ ఏ జనం? అది మన ఏజెన్సీ చరిత్రలో వెతకాలి.

1879 మార్చిలో రంప కొండల్లో తిరుగుబాటు లేచింది. పితూరీ అనగానే మనకి అల్లూరి గుర్తొస్తారు గానీ అది 1922లో మొదలైంది. ఇది అంతకు నలభై ఏళ్లు ముందుది. కల్లు పన్ను వల్ల జరిగిందని పుస్తకాల్లో ఒక్క లైనుతో తేల్చేస్తారు. నిజమే, ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు మీద కూడా ఆంక్షలు పెట్టి కాంట్రాక్టర్ల చేతికిచ్చారు. దానికి తోడు ఇంకోటి ఉంది. మైదానం నుంచి వర్తకులు పైకొచ్చి అప్పులిచ్చి కాగితాలు రాయించుకునేవాళ్లు. అందులో ఏముందో మనవాళ్లకి తెలీదు. తర్వాత వర్తకుడు కింద కోర్టులో దావా వేస్తాడు. కొండ దిగి అంత దూరం ఎవరు వెళ్తారు? వెళ్లినా ఏమని చెప్పుకుంటారు? ప్రతివాది రాలేదు కాబట్టి ఎక్స్‌పార్టీ డిక్రీ. అది పట్టుకుని వచ్చి చేతికందినదంతా జప్తు. ఇక పోలీస్ స్టేషన్ల మీద ఎందుకు పడ్డారో వేరే చెప్పాలా?

గమనించండి, కోర్టు పనిచేసింది. ఒప్పందం అమలైంది. వర్తకుడు బాగుపడ్డాడు కూడా.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. కొండజాతుల వాళ్ల దగ్గర ఏడాదికి నూటికి 24కి మించి వడ్డీ రాబట్టకూడదు, చక్రవడ్డీ అసలే కుదరదు. ఏజెంటు అనుమతి లేకుండా మన భూమి బయటివాళ్లకి పోకూడదు. ఇప్పుడు మనం రోజూ చెప్పుకునే 1/70కి మూలం ఇదే.

అయినా అప్పు తీరలేదు. ఎందుకంటే అప్పిచ్చేవాడు, ఉప్పు అమ్మేవాడు, చింతపండు కొనేవాడు ఒకడే అయితే వడ్డీ వెళ్లి ధరలో దాక్కుంటుంది. మా అవ్వ చెప్పేది, సంతలో షావుకారు కొనేటప్పుడు మానిక పెద్దదయ్యేదట, అమ్మేటప్పుడు చిన్నదయ్యేదట. దీనికి ఏ సెక్షన్ కింద కేసు పెడతాం?

1956లో విశాఖపట్నం కేంద్రంగా పెట్టిన గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, సరిగ్గా ఆ ముడినే పట్టుకుంది. అటవీ ఉత్పత్తులు కొనడం, డిపోల్లో సరుకులు అమ్మడం, పంట అప్పులివ్వడం, మూడూ తనే చేసింది. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలు హక్కు దానికే వచ్చింది. నా లెక్కలో ఇది పెద్ద మేలు. కాకపోతే కొనేవాడు ఒక్కడే అయ్యాక, ధర నచ్చకపోతే ఇంకెక్కడికీ పోలేం. పైగా షావుకారు నుంచి కాపాడారు గానీ, మనల్ని వ్యాపారం చేసేవాళ్లుగా తయారుచేయడం మీద అంత శ్రద్ధ కనపడదు.

అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. తోట మనది, పేరు మన లోయది. పండుగా అమ్మితే ఒక ధర, పప్పు తీసి ఎండబెడితే ఇంకో ధర, వేయించి పొడి కొట్టి ప్యాకెట్ చేస్తే ఆ ధరే వేరు. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అడగండి, మీ ఊళ్లో పంట ఏ మెట్టు దగ్గర చేయి మారుతోంది? తూకం ఎవరు వేస్తున్నారు, రసీదు ఇస్తున్నారా? వచ్చాక రాయండి, ఊరి పేరుతో సహా.