కళ్ళెము పట్టిన చేయి

మన సిరొంచ చెంత ప్రాణహిత గోదావరిలో కలియుచోట కాళేశ్వరమున్నది. ఆవలి గడ్డ నేలిన కాకతీయుల నాట గుర్రాలు ఓడలమీద వచ్చెడివి. గాలివానకు ఓడ పగిలినచో అందలి గుర్రాలను, ఏనుగులను, బంగారమును పూర్వరాజులు లాగుకొనెడివారు. 1244లో మోటుపల్లి శాసనమున గణపతిదేవుడు ఆ అన్యాయమును మాన్పి, సుంకము మాత్రమే పుచ్చుకొందునని అభయమిచ్చినాడు.

గుర్రాలను గురించి మనుమంచిభట్టు తెలుగులోనే శాస్త్రము వ్రాసినాడు. స్వారిని గురించి క్రీ.పూ. 4వ శతాబ్దిలో గ్రీకు సేనాని జెనొఫోన్ వ్రాసినాడు: బలవంతము చేసినచో గుర్రము చేయునుగాని గ్రహింపదట. 1733లో ఫ్రాన్సున అచ్చయిన గెరినియేర్ గ్రంథము ఇంకొక మెట్టు ఎక్కినది. రౌతు నిటారుగా కూర్చుండవలెను. గుర్రము మాట విన్న క్షణమే కళ్ళెము సడలించవలెను. ఆ సడలింపే దానికి బహుమానము.

బడిలో మరాఠీ చదివి వచ్చు మన పిల్లలకు ఇంట తెలుగు నేర్పునపుడు మనము కళ్ళెము బిగించుటే ఎరుగుదుము. ఈ ఉగాదినుండి సడలించుటయు నేర్చుకొందము.