క్రొత్త కాపురము: తొలియేటి ఆచారముల చరిత్ర

వివాహమును గూర్చి మనవారు చెప్పుకొనినంతగా వివాహానంతరపు మొదటి సంవత్సరమును గూర్చి చెప్పుకొనరు. పందిరి విప్పుటతో కథ ముగిసినదని పెద్దలు తలంతురు. కాని వధువునకు అసలు కథ అచ్చటనే ఆరంభమగును. పుట్టినింటి గడప దాటి మెట్టినింటి గడప త్రొక్కిన నాటినుండి ఏడాది తిరుగువరకు ఆమె కొరకు మనవారేర్పరచిన ఆచారములెట్టివి, అవి కాలక్రమమున నెట్లు మారినవి అను విషయమును సంగ్రహముగా విచారింతము.

మన ప్రాంతమున పెక్కు కుటుంబములకు ప్రమాణమైన ఆపస్తంబ గృహ్యసూత్రము ననుసరించి వరుడు వధువును తన యింటికి గొనిపోయి, నక్షత్రోదయానంతరము ధ్రువుని, అరుంధతిని చూపవలెను. పిమ్మట మూడు రాత్రులు దంపతులు నేలపై శయనించి, క్షారలవణములు విడిచి, బ్రహ్మచర్యము పాటింపవలెను. ఇరువురి పడకల నడుమ గంధము పూసి వస్త్రము చుట్టిన దండమొకటి యుండవలెను. ఆశ్వలాయనుడు ఈ నియమమునకు మూడు రాత్రులు గాని, పండ్రెండు రాత్రులు గాని, సంవత్సరము గాని అవధిగా చెప్పెను. పారస్కరుడు సంవత్సరముతో నారంభించి పండ్రెండు, ఆరు, కడకు మూడు రాత్రులకు దిగివచ్చెను. నాల్గవ రాత్రి దాంపత్యము విధింపబడుటనుబట్టి ఆ కాలపు వధువు యుక్తవయస్కయని పండితులు నిర్ణయించిరి. అపరిచితులైన యిరువురు ఒకరినొకరు ఎరుగుటకు గడువు కావలెనని ఆ ఋషులు గ్రహించిరని నా యభిప్రాయము.

తరువాతి కాలమున ఎనిమిదేండ్ల బాలిక గౌరి యనియు, తొమ్మిదేండ్ల బాలిక రోహిణి యనియు స్మృతివచనములు వెలసినవి. బాల్యవివాహములు ప్రబలినవి. అప్పుడు తొలియేడు రెండుగా చీలినది. పెండ్లియేడు ఒకటి, కాపురపుటేడు మరియొకటి. పెండ్లియైన పిల్ల తల్లియొద్దనే యుండి పండుగలకు మాత్రము అత్తవారింటికి పోయివచ్చెడిది. ఈడేరిన పిమ్మట పునస్సంధానము జరిపి సారెతో కాపురమునకు పంపెడివారు. ఈ నడిమి కాలమున భర్త మరణించినచో, కాపురమన నేమో ఎరుగకయే ఆమె విధవ యగుచుండెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించిన వితంతు వివాహము ఇట్టివారి దుఃఖమునకు సమాధానమే.

గురజాడ అప్పారావుగారు 1897లో ముద్రితమైన కన్యాశుల్కమునకు వ్రాసిన ఆంగ్ల పీఠికలో విజయనగర మహారాజావారు సేకరింపించిన లెక్కలు కలవు. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన శుల్క వివాహములు 1,034 నమోదైనవి. ఆ వధువులలో అయిదేండ్లవారు 99 మంది, ఏడాది ప్రాయమువారు ముగ్గురు! ఉయ్యాలలోని శిశువునకు నవవధువని పేరు పెట్టినచో ఆమె తొలి సంవత్సరపు ముచ్చట లేమని వర్ణింపవలెను?

చట్టము మెల్లగా కదలినది. 1860 నాటి శిక్షాస్మృతి దాంపత్యమునకు బాలిక వయస్సు పదేండ్లుగా నుంచగా, 1891లో అది పండ్రెండైనది. 1929లో శారదా చట్టము వధువునకు 14, వరునకు 18 ఏండ్లు కనీస వయస్సుగా విధించి 1930 ఏప్రిల్ 1 నుండి అమలైనది. ఆ తేదీకి ముందే ముడి వేయవలెనని దేశమంతట తొందరపెండ్లిండ్లు జరిగినవి. తరువాతను తప్పించుకొనగోరినవారు, బ్రిటిషు చట్టము వర్తింపని ఫ్రెంచి యానామునకు పోయి పెండ్లిండ్లు చేసికొనిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరుకూడ కలిగినది. 1978లో వయస్సు వధువునకు 18, వరునకు 21 అయ్యెను. ఇట్లు చీలిన రెండేండ్లు మరల ఒక్కటైనవి.

ఇక మన యిండ్లలోని మజిలీలు. పదునారు రోజుల పండుగ తరువాత మొదట వచ్చునది ఆషాఢము. ఆ నెల అత్తయు క్రొత్తకోడలును ఒక్క గడప దాటరాదందురు. వధువు పుట్టింటికి వచ్చును. ఆషాఢమున గర్భము నిలిచినచో నడివేసవిలో ప్రసవమగునని కొందరు, ఏరువాక పనులవేళ అల్లుడు అత్తవారింట కాలక్షేపము చేయరాదని కొందరు కారణములు చెప్పుదురు. కారణమేదైనను ఫలమొక్కటి. క్రొత్తచోట బెంగగొన్న పిల్లకు తల్లియొద్ద నెలనాళ్ళు ఊపిరి పీల్చుకొను వీలు చిక్కును.

శ్రావణమున మంగళగౌరీ నోము. తొలియేడు పుట్టింట పట్టి, మొదటి వాయనము తల్లికిచ్చుట ఆనవాయితీ. మొదటి యేట అయిదుగురు ముత్తైదువులు, రెండవయేట పదుగురు, ఇట్లు పెరిగి అయిదవయేటికి ఇరువదియైదుగురు. ఈ లెక్కలో నొక యుక్తి కలదు. ఏటేట అయిదు క్రొత్త గడపలు ఆమెకు పరిచయమగును. ఆశ్వయుజమున అట్లతద్ది, వెంటనే దీపావళికి అల్లునికి పిలుపు, సంక్రాంతికి క్రొత్త అల్లుని రాక, ముక్కనుమనాడు బొమ్మలనోము. తొమ్మిదినాళ్ళు మట్టిబొమ్మలను పూజించి నీటిలో విడుతురు. ఇట్లు చూడగా ఏడాదిలో పెక్కుమార్లు ఏదో యొక నెపమున కూతురు తల్లిని చూచునట్లు ఏర్పాటు కానవచ్చును.

అయినను లెక్కకు రెండు పుటలుండును. రెండవపుటలో ఆషాఢపు సారె, శ్రావణపు పట్టుచీర, దీపావళి బట్టలు, సంక్రాంతి కట్నము వరుసగా నెక్కినవి. ప్రేమతో పెట్టినది బాకీగా మారినది. అల్లుని అలక వేడుకగా నుండవలసినదే గాని తాకీదు కారాదు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినను వ్యాధి తగ్గక, 1983లో భర్త, అతని బంధువుల క్రౌర్యమును నేరముగా చేయవలసి వచ్చెను. 1986లో వివాహమైన ఏడేండ్లలోపు జరుగు వరకట్న మరణమును ప్రత్యేక నేరముగా నెంచిరి. 2024లో అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితయు ఆ ఏడేండ్ల గడువును నిలిపినది. ఋషులు దండము నడుమనుంచి మూడు రాత్రులు కాపాడిన వధువును నేడు చట్టము ఏడేండ్లు కాపాడవలసి వచ్చుట మనకు గౌరవము కాదు.

కావున ఆచారములన్నియు మంచివనుటయు, అన్నియు మూఢములనుటయు తగదు. ఏ యాచారము కూతురిని పుట్టింటి గడపకు చేర్చునో అది నిలుపదగినది. ఏది ఆ గడపకు అప్పులవానిని చేర్చునో అది విడువదగినది. తొలియేటి మజిలీలకు మరియొకటి చేర్చుటయు మన చేతిలోని పనియే. కాపురమునకు వచ్చిన ప్రతి కోడలిని, ఆ యేడు తిరుగకమునుపే అత్తమామలు ఈ గ్రంథాలయమున సభ్యురాలిగా చేర్పింతురు గాక. వాయనములో తాంబూలముతోపాటు ఒక పుస్తకమును ఉంచినచో గౌరీదేవి యేమియు కోపింపదు.