గుర్రపువాతం నుంచి రక్తపోటు దాకా: డొంకరాయి నేపథ్యంలో గర్భిణీ ఆరోగ్య చరిత్ర

కీలకపదాలు: గుర్రపువాతం, గర్భిణీ రక్తపోటు, మనోవ్యథ, డొంకరాయి, ప్రసూతి వైద్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం

నిండుచూలాలికి గాని, బాలింతకు గాని హఠాత్తుగా వచ్చే మూర్ఛను తెలుగువారు గుర్రపువాతం అన్నారు. కంటికి కనిపించేది కొట్టుకునే దేహమే కనుక పేరు మూర్ఛకు దక్కింది. అంతకు ముందు వారాల తరబడి చప్పుడు లేకుండా పెరిగే రక్తపోటును కొలిచే సాధనం నాడు లేదు, కనుక దానికి పేరూ లేదు. మూర్ఛ నుంచి దాని ముందస్తు సంకేతాల వైపు వైద్యదృష్టి మళ్లడమే ఈ వ్యాధి చరిత్ర. ఆ కొలత గర్భిణికి సకాలంలో చేరడమూ ఆ చరిత్రలో భాగమేనని డొంకరాయి నేపథ్యంలో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కొలత రూపుదిద్దుకున్న క్రమం

సుశ్రుత సంహిత నిదానస్థానం అపతానకాన్ని వాతవ్యాధులలో చేర్చి, గర్భపాతం వల్ల, అధిక రక్తస్రావం వల్ల కలిగినది అసాధ్యమని పేర్కొంది. 18వ శతాబ్దిలో ఫ్రెంచి వైద్యుడు బోయిస్సియే ద సోవాజ్ ఈ మూర్ఛను అపస్మారం నుంచి వేరుచేశాడు. 1843లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్ ఇలాంటి గర్భిణుల మూత్రంలో ఆల్బుమిన్‌ను గుర్తించాడు. 1896లో రివా-రోచీ చేతిపట్టీతో పాదరస మాపకాన్ని రూపొందించగా, 1905లో కొరోట్కోవ్ స్టెతస్కోపుతో విని కొలిచే పద్ధతిని చేర్చాడు. గర్భం 20 వారాలు దాటాక కొత్తగా 140/90 లేదా అంతకు మించిన పోటు కనిపిస్తే ప్రమాద సూచన అనే నేటి నిర్వచనం ఈ పరికరాల ఫలితమే.

3. దేహ కారణాలు, మనఃకారణాలు

గర్భాశయ ధమనులు తగినంత విప్పారక మాయకు రక్తప్రసరణ తగ్గడం ఈ వ్యాధికి ఒక మూలమని 20వ శతాబ్ది ఉత్తరార్ధపు పరిశోధనలు వివరించాయి. తొలిచూలు, కవలలు, మధుమేహం, మూత్రపిండ వ్యాధి, స్థూలకాయం, ముదురు వయసు, వెనుకటి కాన్పులో ఇదే సమస్య రావడం ముప్పును పెంచుతాయి. ఆందోళన, కుంగుబాటు, దీర్ఘకాలిక ఒత్తిడులతోనూ సంబంధం ఉన్నట్లు కొన్ని అధ్యయనాలు చూపాయి. అయితే సంబంధం వేరు, కారణం వేరు. ఈ తేడాను విస్మరిస్తే 'భయపడింది కనుక జబ్బు చేసింది' అని నేరం స్త్రీ మీదికే పోతుంది.

4. డొంకరాయి సందర్భం

సీలేరు నది ఒడ్డునున్న డొంకరాయి 2022 దాకా తూర్పుగోదావరి జిల్లాలోనిది. చుట్టుపక్కల కొండల్లో కొండరెడ్లు, కోయలు తదితర ఆదివాసులు నివసిస్తారు. ఇక్కడి 25 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రం 1980వ దశకంలో ఉత్పత్తి మొదలుపెట్టింది. విద్యుత్తు తీగలు కొండలు దాటినంత సులువుగా గర్భిణి దాటలేదు. దారిలేని గూడేల నుంచి డోలీలో మోసుకురావడం ఏజెన్సీ అంతటా తెలిసిన సంగతే.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు, జననీ సురక్షా యోజన వచ్చాయి. మూర్ఛ మళ్లీ రాకుండా ఆపడంలో మెగ్నీషియం సల్ఫేట్ ఇతర మందులకన్నా మేలని 1995 నాటి అంతర్జాతీయ పరీక్ష అప్పటికే తేల్చింది. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ 16 వారాలలోపే మొదలుపెడితే మేలు. అంటే గర్భిణి పేరు ఆలస్యంగా నమోదైతే నివారణకు అనువైన అదను తప్పిపోయినట్లే. వాగు పొంగితే ఎలా, అయినవాళ్లు లేని ఆసుపత్రిలో ఎన్నాళ్లు అనే దిగులు ఈ భౌగోళిక స్థితి నుంచే పుడుతుంది. కాబట్టి ఇక్కడ మనఃకారణాన్ని దారి, వాహనం, వైద్యసిబ్బందితో కలిపి చదవాలి.

5. ముగింపు

గుర్రపువాతం అనే పేరు జబ్బు ముదిరాక పలికే మాట, బి.పి. అనేది ముందుగా హెచ్చరించే మాట. ఈ రెంటి నడుమ తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం వంటి లక్షణాలున్నాయి. కొండరెడ్ల తెలుగులో, కోయ భాషలో వీటిని ఏమంటారో సేకరించడం తెలుగు పరిశోధకులు చేయగల పని. ఆ మాటలు తెలిసిన ఆరోగ్య కార్యకర్త మూర్ఛ రాకముందే గర్భిణి చెప్పేది అర్థం చేసుకోగలుగుతుంది.