గొలుసు పట్టిన చేతులు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శి గారు కోరగా నాకు ముందుగా తోచినది సర్వే సిబ్బంది సంగతి. నేను సర్వేయరును కాను, సర్వే శాఖలో గుమాస్తాగా పనిచేసినవాడిని. ముప్పై ఏళ్ళకు పైగా చైన్‌మన్ల టి.ఎ. బిల్లులు, హాజరు పట్టీలు రాశాను. ఎండలో గొలుసు పట్టేది వారు, పటం మీద సంతకం చేసేది అధికారి. ఈ పద్ధతి ఏనాటిదో తెలుసుకుందామని పదవీ విరమణ తరువాత తీరికగా చదివాను. అందులో మనబోటి వారికి పట్టే సంగతులు కొన్ని మనవి చేస్తాను.

1799లో శ్రీరంగపట్నం పతనంతో మైసూరు రాజ్యం ఈస్టిండియా కంపెనీకి లోబడింది. ఆ దేశాన్ని కొలవవలసిన అవసరం వచ్చింది. విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి త్రికోణాల పద్ధతిని ప్రతిపాదించాడు. ఒక్క గీతను మాత్రం నేల మీద అతి జాగ్రత్తగా కొలవాలి. తరువాత కొండ నుండి కొండకు కోణాలు చూసుకుంటూ పోతే మిగిలిన దూరాలు లెక్కలో తేలుతాయి. ఆ మొదటి గీత మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్, అంటే పరంగిమలై వద్ద, 1802 ఏప్రిల్ 10న మొదలైంది.

మద్రాసు ఏప్రిల్ ఎండ ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. గొలుసు ఉక్కుది, పొడవు నూరు అడుగులు, లింకులు 40. చైనా చక్రవర్తికి కానుకగా తీసుకుపోతే ఆయన వద్దన్న సామానులో అది ఒకటి. ఎండకు ఉక్కు సాగుతుంది గనుక గొలుసును చెక్క పెట్టెలలో పరచి, పక్కన ఉష్ణమాపకాలు ఉంచి కొలిచేవారు. పెట్టెల కింద ముక్కాలి పీటలు. ఒకసారి కొలిచాక ఆ సరంజామా అంతా ముందుకు మోసి, మళ్ళీ సమమట్టం చేసి పరవాలి. ఏడున్నర మైళ్ళ గీతకు ఇలా 400 సార్లు చేశారు. 57 రోజులు పట్టింది. కొలిచినవాడు లాంబ్టన్ అని పుస్తకాలు చెబుతాయి. పెట్టెలు మోసినవారు, ముక్కాలి పీటలు సర్దినవారు ఎందరో లెక్క వేసుకోండి.

తరువాతిది కోణాలు చూసే పని. లాంబ్టన్ గారి పెద్ద థియోడలైట్ బరువు సుమారు అరటన్ను. దానిని కొండల మీదికి మనుషులే చేర్చాలి. కొండ లేని చోట గుడి గోపురమే కొండ. 1808లో తంజావూరు పెద్దగుడి విమానం మీదికి దానిని తాళ్ళతో లాగుతుండగా తాడు తెగి, యంత్రం గోడకు కొట్టుకొని వంగిపోయింది. లాంబ్టన్ డేరాలో కూర్చొని ఆరు వారాలపాటు దానిని సరిచేసుకున్నాడు.

కోణం చూడాలంటే ఎదుటి కొండ మీద జెండా కనిపించాలి. అందుకోసం జెండా మనుషులు ముందుగా బయలుదేరి అడవి నరికి, శిఖరం మీద గుర్తు నిలబెట్టి అక్కడే కాపు ఉండేవారు. నీరు, తిండి కింద నుండి రావాలి. వేసవిలో దుమ్ము, మసక వల్ల దూరపు జెండా కనబడదు. వాన పడి గాలి తేటపడితేనే చూపు ఆనుతుంది. కాబట్టి ఊళ్ళో జనం ఇంటిపట్టున ఉండే వానాకాలంలోనే వీరు అడవిలో ఉండవలసి వచ్చేది. దోమలకు, జ్వరాలకు అదే కాలం.

దాని ఫలితం మన నేల మీదనే చూశారు. 1818 చివర జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాదులో లాంబ్టన్ దగ్గర సహాయకుడుగా చేరాడు. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడుమ పని ఆయనకు అప్పగించారు. వెంట ఉన్న నిజాం సిపాయిలు అడవికి జంకి ఎదురుతిరగగా కొందరికి కొరడా దెబ్బలు కొట్టించాడు. ఆ తరువాత ఎల్లాపురం అడవిలో జ్వరం కమ్ముకుంది. ఎవరెస్టుతో సహా సుమారు 150 మంది పడకేశారు. హైదరాబాదు నుండి ఏనుగులు, డోలీలు పంపి వారిని తెప్పించవలసి వచ్చింది. సుమారు 15 మంది ప్రాణాలు పోయాయి. ఎవరెస్ట్ ఆరోగ్యం కోసం ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని కేప్‌కు పోయాడు. ఖలాసీకి అటువంటి ప్రయాణం లేదు. అధికారులకూ అందరికీ అదృష్టం కలసిరాలేదు. లాంబ్టన్ 1823 జనవరి 20న హైదరాబాదు నుండి నాగపూరు పోతూ దారిలో హింగన్‌ఘాట్ వద్ద డేరాలోనే కన్నుమూశాడు. ఆయన సమాధి అక్కడ ఉంది. ఎల్లాపురం వారికి రాయి లేదు.

కింది ఉద్యోగులందరి పేర్లూ పోయాయని అనలేము. మైసూరు సర్వే చేసిన కాలిన్ మెకంజీ వెంట మన ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఉన్నారు. ఊరూరా కైఫీయత్తులు, శాసనాలు సేకరించడంలో వారి శ్రమ ఎంతో ఉంది. బొర్రయ్య 1803లో చిన్న వయస్సులోనే పోయాడు. ఆర్కాటు నుండి వచ్చిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్ చేతిపనితోనే సర్వే యంత్రాల మరమ్మతుకు పెద్ద అయ్యాడు. ఇంగ్లండు నుండి తెప్పించిన నిపుణుడు వెళ్ళిపోయాక ఆ కుర్చీ ఆయనకే ఇచ్చారు.

మన సంఘం వారు తప్పక తెలుసుకోవలసిన వ్యక్తి ఇంకొకరున్నారు. కలకత్తా యువకుడు రాధానాథ్ సిక్దార్ 1831లో నెలకు 30 రూపాయల జీతంపై సర్వేలో 'కంప్యూటర్'గా చేరాడు. అప్పట్లో కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే మనిషి. ఎవరెస్ట్ శిఖరం అన్నిటికన్నా ఎత్తని తేల్చిన లెక్కలతో ఆయన పేరు ముడిపడి ఉంది. నాకు అంతకంటె గొప్పగా తోచినది 1843 నాటి సంగతి. డెహ్రాడూన్‌లో వాన్సిటార్ట్ అనే మెజిస్ట్రేటు సర్వే శాఖ కూలీల చేత తన సామాను ఊరికే మోయించుకున్నాడు. సిక్దార్ అడ్డుపడ్డాడు. కేసు నడిచి ఆయనకే 200 రూపాయల జరిమానా పడింది. కలకత్తాలో బెంగాల్ స్పెక్టేటర్ పత్రిక ఆ కేసు వివరాలు ప్రచురించింది. ఉద్యోగ సంఘాలు లేని రోజులలో, తనకు ఏమీ కాని కూలీల పక్షాన ఒక లెక్కల గుమాస్తా నిలబడ్డాడు.

ఆయనకు జరిగినది చూడండి. 1851లో అచ్చయిన సర్వే గ్రంథంలో కొన్ని భాగాలకు సిక్దార్ తోడ్పాటును ముందుమాటలో ఒప్పుకున్నారు. ఆయన 1870లో మరణించాక, 1875 ముద్రణలో ఆ మాట తీసివేశారు. మరుసటి సంవత్సరం ఫ్రెండ్ ఆఫ్ ఇండియా పత్రిక దీనిని గట్టిగా నిరసించింది. పేరు పోవడానికి అడవి జ్వరమే అక్కరలేదు, ముద్రణ మారినా చాలు.

ఇప్పుడు డ్రోన్లతో భూములు కొలుస్తున్నారు. సంతోషమే. అయినా ఏ కొండ మీదనైనా బండకు చెక్కిన చుక్క, దాని చుట్టూ వలయం కనబడితే ఒక్క క్షణం ఆగండి. అది ఆనాటి సర్వే గుర్తు. అక్కడ ఎవరో ఒకరు రోజుల తరబడి జెండా పట్టుకొని కూర్చున్నారు.

చివరగా నా మనవి. సర్వే, అటవీ, నీటిపారుదల శాఖలలో పనిచేసిన మిత్రులు తమతో తిరిగిన చైన్‌మన్లు, లస్కర్లు, అటెండర్ల పేర్లు, వారు చేసిన పని నాలుగు ముక్కలు రాసి మన సంచికకు పంపండి. సర్వీసు రిజిస్టర్లు చెదలు తింటాయి. మనం ఉండగానే రాయకపోతే ఆ పేర్లు రాసేవారు ఇక రారు.